అవ్వ మలాము డబ్బా

ఆడవాళ్ళకు వారసత్వంగా నగలొస్తాయి, పట్టుచీరలొస్తాయి. అదృష్టం కలిసొస్తే ఓ ఎకరం చెలకా వస్తుంది. నాకు మాత్రం మా అవ్వ మలాము డబ్బా వచ్చింది.

నవ్వకండి. అది పెంబర్తి ఇత్తడి డబ్బా. మూతమీద నెమలి, అంచు చుట్టూ తీగ. పసుపూ కుంకుమా పెట్టుకోమని పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చారట. అందులో పసుపూ కుంకుమా వున్న రోజుల్ని నేను చూడలేదు. నాకు బుద్ధి తెలిసేసరికే ఒంటికి రాసే మందులు తప్ప మరొకటి వుండేది కాదు.

అవ్వ అంటే మా నాన్నని కన్నతల్లి. రఘునాథపల్లిలో రైలుపట్టాలకు పిలుపు దూరంలో మా ఇల్లు. అవ్వకు గడియారం అక్కర్లేదు. "కాజీపేట బండి వోయింది, ఎసరు పెట్టుండ్రి" అనేది. రెండేళ్ళ కిందట, తొంభై ఆరో యేట కన్నుమూసింది. దినాలయ్యాక సామాను పంచుకుంటూంటే కాసులపేరు మేనత్తకు పోయింది, సందూక వదినకు పోయింది. డబ్బాని ఎవరూ అడగలేదు. నేనడిగాను.

"నవలలు రాసుకునేదానివి, నీకెందుకే గజ్జిమందులు?" అని మేనత్త నవ్వింది. నేనూ నవ్వి వూరుకున్నాను. తెచ్చి బీరువాలో పెట్టి మరిచిపోయాను.

మొన్న వానాకాలం వెళ్ళాక ఒక రాత్రి దాన్ని గచ్చుమీద బోర్లించాను. ఎందుకు బోర్లించానో చివర చెబుతాను. ముందు అందులో ఏమున్నాయో చెప్పనివ్వండి. పసుపుకొమ్ములు రెండు. గంధకం పొట్లం ఒకటి. అడుగున ఎండిపోయిన వూదారంగు మందుసీసా. ఎర్రమందు, పచ్చమందు, టించరు సీసాలు. నొక్కినొక్కి అప్పడంలా అయిపోయిన ట్యూబులు బోలెడు. వాటిమీద అక్షరాలు అరిగిపోయినవి కొన్ని, మూతల్లేనివి కొన్ని. నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అనుకుని పరీక్ష రాసినదాన్ని. ఆ రాత్రి వాటిని వయసు వారీగా వరసలో పేరుస్తూంటే నూరేళ్ళకు మించిన చరిత్ర నా గచ్చుమీద పరుచుకుంది. అందులో రాజు ఒక్కడూ లేడు. ముల్లూ, సూదీ, గీరుకుపోయిన చర్మం, పక్కన కూచుని ఏడ్చే తల్లీ, ఇవే వున్నాయి.

మొదటి వరస అవ్వది. ఆవిడకు చదువు లేకపోయినా వర్గీకరణ వుంది. గజ్జి వేరు, తామర వేరు, సెగగడ్డ వేరు, సర్పి వేరు. గజ్జి వేళ్ళ సందుల్లో వుంటుంది, రాత్రిపూట ఎక్కువ దురద పెడుతుంది, ఒకరికొస్తే ఇంటిల్లిపాదికీ వస్తుంది. తామర గుండ్రంగా రూపాయిబిళ్ళలా మొదలై అంచున ఎర్రగా, నడుమ తేటగా వుంటుంది. సెగగడ్డ సలుపుతుంది, పండుతుంది, పగులుతుంది. సర్పి ఒకవైపే బొబ్బలుగా లేచి మంటపెడుతుంది. గజ్జికి గంధకం నూనెలో కలిపి రాసేది. తామరకు సీమఅవిసె ఆకు నూరేది. సెగగడ్డకు వేపాకు, పసుపు. గాయానికి గడ్డిచామంతి. దాన్ని మేం పలకాకు అనేవాళ్ళం, పలకలు తుడుచుకునేవాళ్ళం కాబట్టి.

"తడిగున్నదాన్ని ఎండబెట్టాలె, ఎండినదాన్ని తడపాలె. గంతే బిడ్డా" అనేది. చర్మవ్యాధుల వైద్యం నేర్చుకునే పిల్లలకు పెద్ద పెద్ద కాలేజీల్లో మొదటిరోజుల్లో చెప్పే సూత్రం కూడా ఇదేనని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను.

పసుపు సంగతి మీకు తెలుసు కదా? 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్యకేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పడంమీద పేటెంటు ఇచ్చేశారు. మన వంటింటి పోపులడబ్బాకు ఎవరో తాళం వేసినట్టయింది. ఢిల్లీలోని సి.ఎస్.ఐ.ఆర్. వూరుకోలేదు. ఇది మా అమ్మమ్మల నాటి సంగతి అని పాతగ్రంథాలూ, పత్రికల్లోని వ్యాసాలూ ముందు పెట్టి పోరాడింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ వార్త విని వుంటే మా అవ్వ ఏమనేదో నాకు తెలుసు. "పసుపు పేరు చెప్పుకుని కొట్లాడెటోళ్ళు కూడ ఉన్నరా?" అనేది.

కానీ అన్నిటికీ పసుపు చాలదని అవ్వకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ సంగతి ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది. మా నాన్నకు ముందు ఒక కొడుకు. నాలుగేళ్ళవాడు. 1947 చివరి రోజులు. జనగామ ప్రాంతమంతా సంఘం ఒకవైపు, రజాకార్లు ఒకవైపు. పొద్దుగూకితే తలుపులు బిగించుకునే కాలం. పిల్లవాడికి మడమలో తుమ్మముల్లు దిగింది. తీసేశారు. పసుపు అద్దారు. మూడోరోజుకి పాదం వాచింది. వేపాకు కట్టారు, ఆముదపాకు వేడిచేసి కట్టారు. మోకాలిదాకా వాపు వచ్చింది, ఎర్రటి గీత తొడమీదికి పాకింది. సర్కారు దవాఖానకు బండి కట్టాలంటే రాత్రిపూట ఎవరూ ముందుకు రాలేదు. ఆరోరోజు తెల్లవారుజామున పిల్లవాడు పోయాడు.

"ముల్లే గద అనుకున్న బిడ్డా" అంది అవ్వ. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అప్పటికి ఆ మాట అని నలభై యేళ్ళకు పైబడింది. అయినా నిన్న జరిగినట్టే అంది.

ఆ తర్వాతనే ఇత్తడి డబ్బాలోంచి పసుపూ కుంకుమా బయటికి పోయి మందులు లోపలికొచ్చాయి. ఎవరు పట్నంనుంచి వచ్చినా "పుండుకు పెట్టే మందు ఏమన్న తెచ్చినవా?" అని అడిగేది. వాడిపోయిన ట్యూబు కూడా పారేసేది కాదు.

రెండో వరస రంగుసీసాలది. ఎర్రమందు, పచ్చమందు, వూదామందు, గోధుమరంగు టించరు. మా బడిలో కంపౌండరు వచ్చినరోజు పిల్లలంతా హోలీ ఆడినట్టుండేవాళ్ళం. ఇవి ఎవరినీ ఎంచి కొట్టవు. ఎదురుపడిన ప్రతి సూక్ష్మజీవినీ, ఒక్కోసారి మన కణాల్నీ కూడా కొడతాయి. వీటిని యాంటీసెప్టిక్కులంటారు. 1867లో స్కాట్లాండులో లిస్టర్ అనే శస్త్రవైద్యుడు గాయాలమీద కార్బాలిక్ ఆమ్లం వాడి, కుళ్ళకుండా మాన్పవచ్చని లోకానికి చాటాడు. పచ్చమందు 1912 ప్రాంతంలో జర్మనీ రంగుల ప్రయోగశాలలోంచి వచ్చింది. టించరు తప్ప మిగతా రంగుమందులు చీరలకు అద్దకం వేసే రంగుల చుట్టాలే. 1907లో లండన్ డాక్టరు వైట్‌ఫీల్డ్ బెంజోయిక్ ఆమ్లం 6 పాళ్ళు, శాలిసిలిక్ ఆమ్లం 3 పాళ్ళు కలిపి తామరకు చేసిన మలాము నూరేళ్ళు దాటినా ఇంకా బతికే వుంది. చవక. కొంచెం మండుతుంది. కానీ పనిచేస్తుంది.

గజ్జి కథ మరీ చిత్రం. దానికి కారణం చర్మంలో సొరంగాలు తవ్వుకుని కాపురముండే పురుగు. కంటికి ఆనీ ఆననంత చిన్నది. పారిస్‌లో పెద్ద పెద్ద వైద్యులు ఆ పురుగు వుందా లేదా అని యేళ్ళ తరబడి వాదించుకున్నారు. 1834లో రెనుచ్చి అనే కోర్సికా ద్వీపపు వైద్యవిద్యార్థి అందరి ఎదుటా సూదిమొనతో పురుగును తీసి చూపించాడు. ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే, మా వూళ్ళో ఆడవాళ్ళు ఇలాగే తీస్తారన్నాడు! ఏ దేశంలోనైనా అవ్వలు అవ్వలే.

మూడో వరసలో ఒక చిన్న పొడిడబ్బా. సల్ఫా పౌడరు. దీని వెనక కూడా సూదే వుంది. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ అనే శాస్త్రవేత్త 1932లో ఒక ఎర్రరంగు పదార్థం ఎలుకల్లో స్ట్రెప్టోకాకస్ క్రిముల్ని చంపుతుందని గమనించాడు. 1935 డిసెంబరులో ఆయన ఆరేళ్ళ కూతురు హిల్డెగార్డ్ చేతిలో సూది విరిగింది. చీముపట్టి చెయ్యంతా వాచింది. చెయ్యి తీసెయ్యాలనేదాకా వచ్చింది. తండ్రి ఆ ఎర్రమందును తెచ్చి కూతురికి ఇచ్చాడు. పిల్లా బతికింది, చెయ్యీ బతికింది. ఇది చదివినప్పుడు నాకు అవ్వ కొడుకే గుర్తొచ్చాడు. అక్కడ సూది, ఇక్కడ ముల్లు. ఇద్దరి మధ్యా పన్నెండేళ్ళు. ఆ పిల్ల తండ్రి చేతిలో మందుంది, ఈ పిల్లవాడి తల్లి చేతిలో ఆముదపాకు వుంది.

రెండో ప్రపంచయుద్ధంలో సల్ఫా పొడిని సైనికుల గాయాలమీద చల్లారు. కొన్నాళ్ళకు తెలిసింది, చర్మంమీద చల్లితే చాలామందికి పడదని, దద్దురు లేస్తుందని. పెన్సిలిన్‌దీ అదే కథ. 1928లో ఫ్లెమింగ్ దాన్ని కనిపెట్టినా, మందుగా మనిషికి పూర్తిస్థాయిలో ఎక్కించడానికి 1941 దాకా పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ముఖంమీద తగిలిన చిన్నగాయం చీముపట్టి ప్రాణంమీదికొచ్చింది. గులాబీముల్లు గీరుకుందని చాలాకాలం చెప్పుకున్నారు. బాంబుదాడిలో తగిలిన దెబ్బ అని తర్వాత ఆయన కుటుంబంవారు చెప్పారు. పెన్సిలిన్ ఇవ్వగానే తేరుకున్నాడు. మందు చాలక ఆయన మూత్రంలోంచి తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. చివరికి అదీ అయిపోయింది. ఆయనా పోయాడు. గీరుకుపోయిన చర్మం మనిషిని చంపగలదన్న సంగతి మన తరం మరిచిపోయింది. అవ్వ తరం మరిచిపోలేదు.

పెన్సిలిన్‌ను మలాముగా కూడా చేశారు. కానీ చర్మంమీద రాసినవాళ్ళలో ఎలర్జీలు బయలుదేరాయి. అలాంటివాళ్ళకు రేపు ప్రాణాపాయంలో అదే మందు ఇంజెక్షనుగా ఇవ్వాలంటే వీలుకాదు. అంచేత ఆ మలాములు మూలపడ్డాయి. ప్రాణం నిలిపే మందును పుండుమీద ఖర్చుపెట్టకూడదన్న బుద్ధి డాక్టర్లకు అప్పుడే వచ్చింది.

నాలుగో వరస దగ్గర నా చెయ్యి ఆగింది. ఇక్కడ మన తెలుగువాడున్నాడు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరందరూ వినే వుంటారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి మళ్ళీ తిరిగిరాలేదు. ఇక్కడ భార్య జగదాంబగారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. హార్వర్డ్‌లో పనిచేసి, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద అయ్యాడు. అక్కడ ఆయన, విశ్వవిద్యాలయాల్లో జీవితమంతా మొక్కల గురించి పాఠం చెప్పి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన్ని తెచ్చుకుని మట్టినమూనాలు పరీక్షించే పని అప్పగించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని గుప్పెడు మట్టిలో బంగారురంగు సూక్ష్మజీవి దొరికింది. దానిలోంచి వచ్చిన మందే ఆరియోమైసిన్. ఆ పేరులోనే బంగారముంది. టెట్రాసైక్లిన్ల వంశానికి మూలపురుషుడు. 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. తన మందు లోకమంతా మాత్రగా, కంటిమలాముగా, చర్మంమీద లేపనంగా తిరగడం ఆయన చూడలేదు.

1948 జూలై. మా అవ్వ కొడుకు పోయి అప్పటికి యేడాదైనా కాలేదు. నేను తేదీల లెక్క వేసుకుని ఆ ట్యూబును కాసేపు చేతిలోనే పట్టుకుని కూచున్నాను. లోపల ఎప్పుడో ఎండిపోయింది. చివర మడత తీస్తే పసుప్పచ్చటి పొడి రాలింది.

ఐదో వరసలోనివి మనందరి ఇళ్ళలోనూ వుండేవి. వీటి గురించి నాకు భలే సరదా అనిపించిన సంగతి ఒకటుంది. నియోమైసిన్, బాసిట్రాసిన్, పాలిమిక్సిన్ అనే మూడు మందులు చాలా మలాముల్లో కలిసే వుంటాయి. ఇవి ఒంట్లోకి పోతే మూత్రపిండాలకు చేటు. నియోమైసిన్ చెవులకు కూడా. అందుకే వీటిని నడింట్లోకి రానివ్వకుండా అరుగుమీద కూచోబెట్టారు. కోపిష్టి చుట్టాన్ని మనం కాపలాకు వాడుకోమూ? అలాగన్నమాట. ఒకటి క్రిమి గోడ కట్టుకోకుండా చేస్తుంది, ఒకటి దాని పొరను చిల్లులు పొడుస్తుంది, ఒకటి లోపల వంట సాగనివ్వదు. తర్వాత వచ్చిన ఫ్యూసిడిక్ ఆమ్లం, ముపిరోసిన్ కూడా ఆ వంటింటిమీదే దెబ్బకొడతాయి. ముపిరోసిన్ ఒంట్లోకి పోతే త్వరగా విరిగిపోతుంది, అందుకని పైపూతకే పుట్టింది.

బాసిట్రాసిన్‌లో ఒక ఆడపిల్ల పేరుంది, గమనించారా? 1943లో న్యూయార్కులో రోడ్డుమీద దెబ్బతగిలి కాలు విరిగిన ఏడేళ్ళ మార్గరెట్ ట్రేసీ. ఆమె గాయంలోంచి తీసిన నమూనాలో, మిగతా క్రిముల్ని చంపేస్తున్న ఒక బాసిల్లస్‌ను బాల్బినా జాన్సన్ అనే ఆవిడ గమనించింది. బాసిల్లస్, ట్రేసీ కలిసి బాసిట్రాసిన్ అయింది. రోగికి వచ్చిన జబ్బుకు డాక్టరు పేరు పెట్టడం మామూలే. మందుకు రోగి పేరు పెట్టడం నాకెందుకో మనసుకు హత్తుకుంది.

ఇంతవరకూ చెప్పినవి బాక్టీరియాకు. తామరకు ఇవేవీ పనికిరావు. అది బూజు. మన రొట్టెమీద పట్టే బూజుకు చుట్టం. పెన్సిలిన్‌ను ఇచ్చిందే బూజు, మరి బూజును చంపేదెవరు? ఆ పని ఇద్దరు ఆడవాళ్ళు చేశారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కులో, రేచెల్ బ్రౌన్ ఆల్బనీలో. ఒకావిడ మట్టిలోంచి సూక్ష్మజీవుల్ని పెంచి, మన ఆవకాయ జాడీల్లాంటి గాజుసీసాల్లో పోస్టులో పంపేది. రెండో ఆవిడ అందులోంచి మందును వేరుచేసి మళ్ళీ పోస్టులోనే పంపేది. 1950లో అలా వచ్చిందే నిస్టాటిన్, న్యూయార్కు స్టేట్ పేరుమీద. కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా వచ్చిన రాయల్టీని తమకంటూ పైసా వుంచుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు. 1966లో ఇటలీలో ఫ్లోరెన్సు నగరం వరదలో మునిగినప్పుడు బూజుపట్టిన కళాఖండాల్ని కాపాడడానికీ ఈ మందునే వాడారు. అయితే నిస్టాటిన్ పసిపిల్లల నోటిలో, ఒరుసుకునే చోట్ల వచ్చే తెల్లపూతకే తప్ప తామరకు పనిచెయ్యదు. తామరకు తర్వాత క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినఫిన్ వచ్చాయి.

మన దేశమూ చేతులు కట్టుకు కూచోలేదు. పుణే దగ్గర పింప్రీలో 1954లో పెట్టిన హిందూస్తాన్ యాంటీబయాటిక్స్‌లో తిరుమలాచార్ అనే శాస్త్రవేత్త అక్కడి మట్టిలోంచే బూజును చంపే మందు తీశారు. హిందూస్తాన్ యాంటీబయాటిక్స్ పేరుమీదే దానికి హామైసిన్ అని పేరు. ఆ మందునిచ్చిన సూక్ష్మజీవికి పింప్రీ వూరి పేరు పెట్టారు.

ఇక వైరస్‌లు. సర్పి, ఉలిపిరికాయలు ఈ జాతివి. వీటికి పై మందుల్లో ఏదీ పనిచెయ్యదు. సర్పి జాతి వైరస్‌కు ఎసైక్లోవిర్ వుంది. గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ బృందం పని అది. డాక్టరేటు పూర్తిచెయ్యడానికి ఆవిడకు వీలుపడలేదు. 1988లో నోబెల్ బహుమతి మాత్రం వచ్చింది.

అంటే లెక్క ఇదీ: అన్నిటినీ కొట్టేవి యాంటీసెప్టిక్కులు. సెగగడ్డకూ, చీముకూ బాక్టీరియా మందు. తామరకు బూజుమందు. గజ్జికి పురుగుమందు. సర్పికి వైరస్ మందు. శత్రువెవరో తెలిస్తేనే ఆయుధం. అవ్వ వేళ్ళమీద లెక్కపెట్టిన నాలుగు జాతులే ఇవి. పేర్లు మారాయి, అంతే.

ఆరో వరసలో ఒకే ఒక్క ట్యూబు వుంది. కొత్తది, తళతళలాడేది. అది అవ్వది కాదు. నాది.

మొన్న వానాకాలం మొదట్లో నా నడుముమీద, లంగాబొందు కట్టుకునే చోట, గుండ్రటి మచ్చ వచ్చింది. దురద. ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. జ్వరమొస్తే ఆఫీసుకంతా చెబుతాం, తామరొస్తే కట్టుకున్నవాడికి కూడా చెప్పం. ఆడవాళ్ళం మరీను. మందులషాపుకెళ్ళి మెల్లగా అడిగాను. అక్కడి కుర్రాడు చీటీ అడగలేదు, ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. "అన్నిటికీ ఇదే మేడమ్" అన్నాడు. రెండురోజుల్లో దురద మాయం, ఎరుపు మాయం. ఎంత మంచి మందో అని మురిసిపోయి అవ్వ డబ్బాలో పెట్టాను. సెలవులకు హాస్టలునుంచి వచ్చిన మా అమ్మాయి తొడలమీద అలాంటివే చూపించింది. అదే మలాము నా చేత్తో నేనే రాశాను. వెళ్ళేటప్పుడు ఇంకో రెండు ట్యూబులు సంచిలో పెట్టి పంపాను.

మానగానే మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా రెండింతలై వచ్చేది. మూడునెలలు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు చూస్తే పిల్ల తొడలమీద గులాబీరంగు చారలు, పురిటితల్లి పొట్టమీద వుండే చారల్లాంటివి. దానికి పదహారేళ్ళు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు నన్ను కాదు, ట్యూబునడిగింది. కళ్ళద్దాలు ముక్కుమీదికి జరుపుకుని చీమతలకాయల అక్షరాలు చదివింది. అందులో మందులు అయిదు. బాక్టీరియాకు ఒకటి కాదు, రెండు. బూజుకు ఒకటి. పురుగుకు పనికొస్తుందని ఇంకోటి. అయిదోది బలమైన స్టీరాయిడ్.

"ఇంట్లో దొంగ పడితే కుక్క మొరుగుతుంది. మీరు దొంగని పట్టుకోకుండా కుక్క నోరు కట్టేశారమ్మా" అంది. దురదా, ఎరుపూ మన ఒళ్ళు చేసే కాపలా. స్టీరాయిడ్ ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది. హాయిగా వుంటుంది. లోపల బూజు తాపీగా పాకుతుంది. చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి. స్టీరాయిడ్ చెడ్డమందేం కాదు, 1952 నుంచి తామర కాని గరుకుమచ్చలకు, ఎగ్జిమాకు అది వరమే. తామరమీద రాయడమే తప్పు. ఇలాంటి మలాముల్ని ఇష్టారాజ్యంగా వాడడం మన దేశంలో మొండి తామర పెరగడానికి ఒక కారణమని చర్మవైద్యులంటున్నారు. టెర్బినఫిన్‌కు లొంగని ఒక బూజుజాతికి 2020లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే ఇండియా పేరుంది. ఏం గర్వం చెప్పండి! 2018లో కేంద్రప్రభుత్వం పద్నాలుగు రకాల స్టీరాయిడ్ పైపూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం వచ్చింది. చీటీ అడిగే కుర్రాడు ఇంకా రావాలి. చీటీ వుందా అని తన్ను తాను అడుక్కునే నాలాంటిదీ రావాలి.

"చారలు పోతాయా?" అని అడిగాను.

"రంగు తగ్గుతుంది. పూర్తిగా పోవు" అంది.

ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. మా అమ్మాయే నా చెయ్యి పట్టుకుని "పోనీలే అమ్మా, నువ్వేం కావాలని రాశావా?" అంది. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రే డబ్బా బోర్లించాను. అవ్వ "ముల్లే గద అనుకున్న" అంది. నేను మలామే కదా అనుకున్నాను. మందు లేక పోగొట్టుకున్న తల్లి ఆవిడ. మందు ఎక్కువై తప్పుచేసిన తల్లిని నేను. మా ఇద్దరి మధ్యా డెబ్బయ్యెనిమిదేళ్ళ చరిత్ర, పేర్చిన ట్యూబుల్లాగా.

డాక్టరమ్మ చెప్పింది మీకూ చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. తామరకు బూజుమందు ఒక్కటే వుండాలి, పక్కన స్టీరాయిడ్ వుండకూడదు. మచ్చ అంచు దాటి రెండువేళ్ళ మేర రాయాలి. మచ్చ పోయాక కూడా ఆవిడ చెప్పినన్ని రోజులు ఆపకూడదు. చూపుడువేలి మొదటి గీతదాకా పిండిన మలాము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది, వెన్న పూసినట్టు పూయక్కర్లేదు. తువ్వాలు ఎవరిది వారికే. లంగాబొందు తడిగా వుంచుకోకూడదు. బట్టలు తిరగేసి ఎండలో వెయ్యాలి. ఇంట్లో ఎవరికుంటే అందరూ ఒకేసారి చూపించుకోవాలి. గాయం చుట్టూ వాపు పాకుతూ, ఎర్రగీత పైకెక్కుతూ, జ్వరం వస్తే మలాముతో పని లేదు, ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. ఈ చివరిది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు కాదు, నాకు అవ్వ గొంతు వినిపించింది.

నాలుగు నెలలు పట్టింది. ఇద్దరికీ తగ్గింది. చారలు అలాగే వున్నాయి, కొంచెం తెల్లబడ్డాయి.

పోయిన నెల రఘునాథపల్లి వెళ్ళాను. పాతమందులన్నీ పారేశాను. ఆ ఎండిన ఆరియోమైసిన్ ట్యూబు ఒక్కటి పారెయ్యలేకపోయాను. డబ్బాను చింతపండుతో తోమాను. నెమలి మళ్ళీ మెరిసింది. అందులో ఇప్పుడు దూది, గాజుగుడ్డ, ఒక టించరు సీసా, డాక్టరమ్మ చీటీ మడత వున్నాయి.

ఒక మూల పసుపూ కుంకుమా కూడా పెట్టాను. రైలు కూత వినిపించింది. లేచి ఎసరు పెట్టాను.